సందుగ నిండితే కొలువు ఉత్తరం పట్టదు

మన ఇండ్లల్ల పాత రేకు సందుగ ఒకటి ఉంటది. పట్టా పాస్‌బుక్కు, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, తాత ఫోటో, పాత కరెంటు బిల్లులు అన్నీ అండ్లనే. మూత పడకుంటే అవ్వ ఏం జేస్తది? బిల్లులు తీసి పొయ్యిల ఏస్తది, పట్టా కాయితాన్ని మాత్రం గుడ్డల సుట్టి అడుగున పెడ్తది. ఏది ఉంచాలె, ఏది తీయాలె అన్న తెలివి ఆమెకు ఎవ్వలూ నేర్పలే. మన ఫోన్ల గూడ గసొంటి సందుగే ఒకటున్నది. దాని పేరు జీమెయిల్. గని దాని మూత పడుతున్నదా లేదా అని చూసేటోళ్లు మనల శాన తక్కువ.

నేను మండల కేంద్రంల చిన్న నెట్ సెంటర్ నడుపుత. అప్లికేషన్లు, హాల్ టికెట్లు, జిరాక్సులు, స్కానింగులు, దినమంత గిదే పని. నా దగ్గరికొచ్చే పోరగాండ్ల ఫోన్లల్ల నాకు మాటిమాటికి కనవడేది ‘స్టోరేజ్ నిండింది’ అన్న హెచ్చరిక. శాన మంది దాన్ని ఏలితోని పక్కకు నూకి వేరే పని చూసుకుంటరు. ఫోన్ నడుస్తనే ఉన్నది, వాట్సాప్ వస్తనే ఉన్నది, ఇగ దీంతోని మనకేం పని అనుకుంటరు. అసలు ముప్పు గాడనే ఉన్నది.

మొన్న ఒక చెల్లె వచ్చింది. డిగ్రీ అయిపోయింది, పట్నంల ఒక ప్రైవేటు కంపెనీకి ఆన్‌లైన్ పరీక్ష రాసింది. ఆమెతోని రాసిన దోస్తుకు ఇంటర్వ్యూకు రమ్మని మెయిల్ వచ్చింది, ఈమెకు రాలే. “నేను ఫెయిలైన గావచ్చు అన్నా” అన్నది. ఫోన్ తీస్కొని చూస్తే 15 జీబీకి 15 జీబీ నిండి ఉన్నది. ఆఖరి మెయిల్ వచ్చి పన్నెండు దినాలైంది. కంపెనీకి ఫోన్ కలిపితే, “మేం పంపినం, తిరిగొచ్చింది” అన్నరు. ఇంటర్వ్యూ రెండు దినాల కిందనే అయిపోయింది. ఆ పిల్ల ఫెయిల్ గాలే. ఆమె సందుగ నిండింది, గంతే.

నిండితే ఏమైతది?

జీమెయిల్, గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫోటోస్ ఈ మూడింటికీ కలిపి మనకు పైసలు లేకుండ ఇచ్చే జాగ 15 జీబీ. అది పూర్తిగ నిండితే మనం మెయిల్ పంపలేం, మనకు మెయిల్ రాదు. మనకు పంపినోళ్లకు ‘ఈ డబ్బల జాగ లేదు’ అని తిరుగు జవాబు పోతది. గీడనే అసలు మెలిక ఉన్నది. కొలువుల మెయిల్స్, హాల్ టికెట్ మెయిల్స్ శాన మటుకు మనిషి పంపడు, మిషన్ పంపుతది. ‘నో రిప్లై’ అని ఉండే అడ్రస్‌ల నుంచి వస్తయి అవి. తిరుగు జవాబు గూడ ఆ మిషన్‌కే పోతది. దాన్ని తెరిచి చదివే మనిషి శాన సార్లు ఉండడు. అటు పంపినోడు పంపిన అనుకుంటడు, ఇటు మనం రాలే అనుకుంటం. నడుమ ఉత్తరం గాయబ్.

ఇంకో ముచ్చట. పరిమితి దాటి రెండేండ్లు గట్లనే ఇడిసిపెడితే అండ్ల ఉన్న సరుకును తీసేసే హక్కు గూగుల్ నియమాలల్ల ఉన్నది. రెండేండ్లు అసలు ముట్టనే ముట్టని ఖాతాలను గూడ తీసెయ్యొచ్చు. అందుకే పదో తరగతిల ఒక ఐడీ, ఇంటర్‌ల ఒకటి, డిగ్రీల ఇంకొకటి చేసుకొని మర్చిపోయినోళ్లు, ఏ ఐడీ ఏ దరఖాస్తుల రాసిండ్రో ఒక నోట్‌బుక్కుల రాసి పెట్టుకోండ్రి.

జాగ పెరగలే, సరుకు పెరిగింది

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ మొదలైనప్పుడు ఒక జీబీ జాగ ఇస్తమన్నరు. అప్పుడు వేరే కంపెనీలు ఇచ్చేది రెండు, నాలుగు ఎంబీలే. ఏప్రిల్ ఒకటో తారీఖు గాబట్టి జనం దాన్ని పరాచకమనుకున్నరు. 2013ల మెయిల్, డ్రైవ్, ఫోటోస్‌కు కలిపి 15 జీబీ అన్నరు. గప్పట్నుంచి గదే లెక్క నడుస్తున్నది. గని మన ఫోన్ కెమెరాలు గట్లనే ఉన్నయా? అప్పటి ఫోటో ఎంత, ఇప్పటి ఫోటో ఎంత! అంతకుముందు జెర నాణ్యం తగ్గించి దాచిన ఫోటోలను లెక్కకు పట్టకపోయేది. 2021 జూన్ 1 నుంచి అవి గూడ లెక్కలకొచ్చినయి. ఆండ్రాయిడ్ ఫోన్లల్ల వాట్సాప్ బ్యాకప్ గూడ 2024 నుంచి ఈ 15 జీబీలకే వచ్చి పడ్డది. అంటే పెళ్లి బారాత్ వీడియోలు, పండుగ ఫార్వర్డులు, కొలువు ఉత్తరం అన్నీ ఒక్క సందుగలనే.

శాన మంది పోరగాండ్లు తికమక పడేది ఇంకోటున్నది. ఫోన్ మెమరీ వేరు, ఖాతా జాగ వేరు. ‘మెయిల్ నిండింది’ అని కనవడంగనే గేమ్స్ తీసేస్తరు, యాప్స్ తీసేస్తరు. దాంతోని ఫోన్ల జాగ అయితది గని ఖాతాల ఒక్క ఎంబీ గూడ ఖాళీ కాదు. ఇటు గూగుల్ ఫోటోస్‌ల ‘ఫ్రీ అప్ స్పేస్’ అన్న బటన్ గూడ ఫోన్‌నే ఖాళీ జేస్తది, ఖాతాను కాదు. మరి ఖాతాల బరువు తగ్గుతది గదా అని బ్యాకప్ అయిన ఫోటోను ఫోటోస్ యాప్‌ల డిలీట్ కొడితే, అది ఖాతాలకెల్లి, ఫోన్‌లకెల్లి రెండింట్లకెల్లి పోతది. జెర పైలం.

ఒక్క మెమో ఎన్ని మెమోలైతది?

ఇగ మెయిల్ బరువు ముచ్చటకొద్దాం. ఉత్తి అక్షరాలతోని ఉన్న మెయిల్ ఎంతనో బరువుండదు. బరువంత అటాచ్‌మెంట్లదే. అసలు మెయిల్ పుట్టింది అక్షరాలు పంపేటందుకే. ఫోటోలు, ఫైళ్లు అండ్ల పెట్టి పంపే పద్ధతి 1992ల ‘మైమ్’ అన్న ప్రమాణంతోని ఖాయమైంది. గా పద్ధతిల ఫైల్‌ను గూడ అక్షరాల లెక్కనే మార్చి పంపుతరు. మూడు బైట్ల సరుకు నాలుగు అక్షరాలైతది. అంటే 6 ఎంబీల స్కాన్, మెయిల్‌ల పోయేటప్పుడు దగ్గరదగ్గర 8 ఎంబీలైతది. సంచిల బియ్యం పోస్తే సంచి బరువు గూడ తోడైనట్టు.

ఇప్పుడు ఒక మెమో కథ సూడుండ్రి. నెట్ సెంటర్ల స్కాన్ చేసి మీ మెయిల్‌కు పంపుతం, అది ఒకటి. మీరు దాన్ని కాలేజీకి ఫార్వర్డ్ చేస్తరు, పంపిన డబ్బల రెండోది. కంపెనీకి పంపుతరు, మూడోది. ‘యాడ్ టు డ్రైవ్’ కొడితే డ్రైవ్‌ల నాలుగోది. ఫోన్ల దించుకుంటరు, దొరకలేదని మళ్లీ దించుకుంటరు, పేరు పక్కన (1), (2) అని కొత్తయి పుడుతయి. దించుకున్న గా (2)ను మళ్ల ఒక మెయిల్‌కు తగిలిస్తరు. ఒక్క కాయితం ఎనిమిది సార్లు. అది 5 ఎంబీలదైతే 40 ఎంబీలు. మెమోలు, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్ అన్నీ గట్లనే పెరుగుతయి.

ఈడ ఒకటి యాదికుంచుకోండ్రి. ‘రిప్లై’ కొడితే అవతలోళ్లు పంపిన అటాచ్‌మెంట్ మళ్ల ఎంట పోదు. ‘ఫార్వర్డ్’ కొడితే పోతది. అందుకే వచ్చిన మెయిల్‌కు జవాబియ్యాలంటే రిప్లైనే కొట్టాలె. జీమెయిల్‌ల లేబుల్ పెడితే మాత్రం కొత్త కాపీ పుట్టదు. ఒక్క మెయిల్‌కు మూడు లేబుళ్లు పెట్టినా బరువు ఒక్కటే. గాబట్టి ‘కొలువులు’, ‘చదువు’, ‘భూమి’ అని లేబుళ్లు పెట్టుకునుడు మంచిదే.

పేరు ఒకటైతే ఫైల్ ఒకటే అనుకోవద్దు

డూప్లికేట్ తీసేయంగనే అందరు పేరు చూసి కొడుతరు. గది తప్పు. స్కానర్ మిషన్లు అన్నిటికీ ‘స్కాన్ 001’ అనే పేరు పెడుతయి. మీ మెమో గూడ స్కాన్ 001నే, మీ నాయిన బ్యాంకు పాస్‌బుక్కు గూడ స్కాన్ 001నే కావచ్చు. ఇటు వాట్సాప్‌ల నుంచి దించిన ఫైల్ పేరు మారి ఉంటది, లోపల సరుకు మాత్రం అదే. అందుకే మూడు చూడాలె: సైజు ఒకటేనా, పేజీలు ఒకటేనా, తెరిస్తే కనవడే కాయితం ఒకటేనా. మూడు కలిస్తేనే డూప్లికేట్.

ఇంకో తిరకాసు ఉన్నది. దరఖాస్తు సైట్లు ఒకటి 200 కేబీల అడుగుతది, ఇంకోటి 50 కేబీలే అంటది. గట్ల ఒక్క మెమోకు చిన్నయి పెద్దయి నాలుగైతయి. ఇవి డూప్లికేట్లు కావు, తల్లీ పిల్లలు. పెద్ద స్కాన్ తల్లి. తల్లిల నుంచి పిల్లను ఎప్పుడైనా తీయొచ్చు, పిల్లల నుంచి తల్లిని తీయలేం. 50 కేబీల ఫైల్‌ను గుంజి పెద్దగ జేస్తే అక్షరాలు మసకబడుతయి. ‘పెద్ద ఫైళ్లు ముందు తీసేయ్’ అని అందరు చెప్తరు గదా, ఆ మాట ఇని మొదట తీసేది తల్లినే. గందుకే తీసుడు కంటె ముందు ఏరుడు ఉండాలె.

పని గీ వరుసల జేయుండ్రి

ముందుగాల జీమెయిల్ యాప్‌ల కుడిపక్క పైన మీ ఫోటో మీద నొక్కుండ్రి. 15 జీబీల ఎంత నిండిందో కనవడుతది. దాని మీద నొక్కితే జీమెయిల్ ఎంత, డ్రైవ్ ఎంత, ఫోటోస్ ఎంత తిన్నయో లెక్క వస్తది. ఏది ఎక్కువ తిన్నదో ఆడికెల్లి మొదలు పెట్టాలె. ఫోటోస్ 12 జీబీలు తిన్నప్పుడు మెయిల్‌ల దినమంత కూసున్నా లాభం లేదు. వాట్సాప్ బ్యాకప్ ఎక్కువుంటే వాట్సాప్ సెట్టింగ్‌ల చాట్ బ్యాకప్‌కు పోయి, వీడియోలు కలుపుడు బంద్ పెట్టుండ్రి.

రెండోది, అసలు కాయితాలు ఏరుండ్రి. ప్రతి దానికి ఒక్క మంచి స్కాన్, దానికి సక్కటి పేరు: ‘పదో తరగతి మెమో’, ‘కులం సర్టిఫికెట్ 2023’ అని. ఇంగ్లీషుల రాసినా మంచిదే, గని పేరు చూడంగనే తెలువాలె. దాన్ని ఒక్క ఫోల్డర్ల పెట్టి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌ల గూడ ఏస్కోండ్రి. కొన్ని సర్టిఫికెట్లు డిజిలాకర్‌ల ప్రభుత్వం తరఫునే దొరుకుతయి. గట్ల దొరికేటివి చట్టం లెక్కన ఒరిజినల్‌తోని సమానం. వాటిని పదిసార్లు మీకు మీరే మెయిల్ కొట్టుకునే పని లేదు.

మూడోది, పెద్ద మెయిల్స్ ఎతుకుడు. సెర్చ్ డబ్బల ఇంగ్లీషు అక్షరాలతోని ‘లార్జర్’ అని కొట్టి, ఖాళీ ఇడువకుండ రెండు చుక్కల కోలన్ గుర్తు పెట్టి, దాని పక్కన 10 అంకె, ఎం అక్షరం కొట్టుండ్రి. 10 ఎంబీలకు మించిన మెయిల్సే బయటికొస్తయి. అవి అయినంక 5 అని కొట్టుండ్రి. కంప్యూటర్ల అయితే సెర్చ్ డబ్బ చివరన ఉండే గుర్తు నొక్కితే సైజు, తారీఖు, అటాచ్‌మెంట్ ఉన్నదా లేదా అన్నీ అడుగుతది. ఇన్‌బాక్స్ ఒక్కటే కాదు, ‘సెంట్’ డబ్బ గూడ చూడుండ్రి. మనం పంపిన డూప్లికేట్లు ఎక్కువుండేది ఆడనే. పైగా ఆధార్, పాన్, బ్యాంకు బుక్కు కాపీలు గూడ ఆడనే పడి ఉంటయి. రేపు మీ పాస్‌వర్డ్ ఎవని చేతిల పడ్డా అవన్నీ వానికి వడ్డించిన ఇస్తరే. గాబట్టి ఈ పని జాగ కోసమే కాదు, కాపాడుకునేటందుకు గూడ.

నాలుగోది, తీసేటప్పుడు ఇవి ముట్టొద్దు: దరఖాస్తు అందిందని వచ్చిన మెయిల్, ఫీజు కట్టిన రసీదు, ఆఫర్ లెటర్, ఇన్సూరెన్స్, భూమి, కోర్టు కాయితాలు నడిచిన మెయిల్స్. “ఫైల్ దించుకున్న గదా, మెయిల్ ఎందుకు?” అని అడుగుతరు కొందరు. ఫైల్ వేరు, మెయిల్ వేరు. ఏ దినం, ఎన్ని గంటలకు, ఎవరి దగ్గర్నుంచి, ఏ సర్వర్ మీదికెల్లి వచ్చిందో ఆ గుర్తులన్నీ మెయిల్ లోపలనే ఉంటయి. దించుకున్న పీడీఎఫ్‌ల అవి ఉండయి. గడువు లోపల పంపినట్టు రుజువు కావాలంటే మీరు పంపిన ఆ మెయిలే సాక్షి. జీమెయిల్‌ల మెయిల్ ఉంచి అటాచ్‌మెంట్ ఒక్కటే తీసే సౌకర్యం లేదు. రెండూ ఉంటయి, లేకుంటే రెండూ పోతయి. ఆఖరు సారి పంపిన సరైన మెయిల్ ఉంచుండ్రి, దానికి ముంగట తప్పు ఫైల్‌తోని పంపినయి, మీకు మీరే కొట్టుకున్నయి తీసెయ్యుండ్రి.

ఐదోది, ముచ్చట్ల గొలుసు. జీమెయిల్ ఒక్క ముచ్చట మీద నడిచిన మెయిల్స్‌ను ఒక్క కట్టగ కట్టి చూపిస్తది. బయటి లిస్టుల దాన్ని పట్టి డిలీట్ కొడితే ఒక్క మెయిల్ కాదు, కట్టంత పోతది. పది మెయిల్స్ కట్టల అవసరమైంది ఒక్కటున్నా అది గూడ పోతది. అందుకే ఈ పని చేసేటప్పుడు సెట్టింగ్‌లల్ల ‘కన్వర్జేషన్ వ్యూ’ బంద్ పెట్టుకోండ్రి. మెయిల్స్ ఏటికయి విడివిడిగ కనవడుతయి.

ఆరోది, తీసినయి అన్నీ ‘బిన్’ల పడుతయి. ఆడ 30 దినాలు ఉంటయి, ఆ 30 దినాలు గూడ జాగ తింటనే ఉంటయి. డిలీట్ కొట్టినా నిండిందనే చూపిస్తున్నదని పరేషాన్ అయ్యేది గిందుకే. బిన్ తెరిచి పైనుంచి కిందిదాక ఒక్కపారి చూసి, పొరపాటున పడ్డయి ఎనక్కి తీసి, అప్పుడు ఖాళీ జేయుండ్రి. ఖాళీ చేసినంక మళ్ల రావు. లెక్క మారనీకి ఒక దినం పట్టినా పట్టొచ్చు, ఆగుండ్రి.

ఆఫీసు కంప్యూటర్ల కూసునే తమ్ముళ్లకు

సంఘం ఆఫీసుల, బడిల, ఏదన్న దుకాణంల కంప్యూటర్ ఆపరేటర్లుగ చేసేటోళ్లు మనోళ్లల్ల మస్తు మంది ఉన్నరు. ఆడ థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాంలు ఉంటయి. వాటి పద్ధతి వేరు. థండర్‌బర్డ్ మామూలుగ ఒక్కో ఫోల్డర్ల మెయిల్స్ అన్నీ ఒక్క పెద్ద ఫైల్ల వరుసగ రాసుకుంట పోతది. మీరు డిలీట్ కొడితే రిజిస్టర్ల గీత గీసినట్టే, పేజీ చినగదు. ‘కాంపాక్ట్’ అన్నది కొడితేనే ఆ గీత గీసినయి పోయి ఫైల్ చిన్నగైతది. మెయిల్ ఉంచి అటాచ్‌మెంట్ ఒక్కటే బయట దాచుకునే సౌకర్యం ఇండ్ల ఉన్నది. ‘డిటాచ్’ అంటరు దాన్ని.

గని చెయ్యి పెట్టే ముందు ఒక ముచ్చట అడిగి తెలుసుకోండ్రి: ఖాతా ‘ఐమ్యాప్’ పద్ధతిల ఉన్నదా, ‘పాప్’ పద్ధతిల ఉన్నదా? ఐమ్యాప్ అయితే ఈడ తీసింది సర్వర్ల గూడ పోతది, సారు ఫోన్ల గూడ పోతది. పాప్ అయితే మెయిల్స్ ఆ కంప్యూటర్లకు దిగి ఉంటయి. సర్వర్ల కాపీ మిగలకుంటే, ఆ డిస్క్ ఖరాబైన దినం అన్నీ ఖతం. సర్వర్ల కాపీ ఇడిసిపెట్టినప్పుడు ఖాతాను కొత్తగ పెడితే పాత మెయిల్స్ అన్నీ మళ్ల దిగి, ప్రతిది రెండేసి కనవడుతయి. అందుకే ముందుగాల మొత్తం ఫోల్డర్‌ను వేరే డిస్క్ మీద కాపీ జేసి, తర్వాతనే శుభ్రం మొదలు పెట్టాలె.

గీ మాయల పడొద్దు

‘మీ మెయిల్ డబ్బ నిండింది, 24 గంటలల్ల బంద్ అయితది, ఈ లింక్ నొక్కుండ్రి’ అని మెయిల్స్ వస్తయి. పాస్‌వర్డ్ గుంజుకునేటందుకు దొంగలు ఏసే గాలం అది. జాగ లెక్క చూడాలంటే లింక్ నొక్కొద్దు, మీ యాప్‌ల మీరే పోయి చూసుకోండ్రి. ‘ఒక్క నొక్కుతోని మీ మెయిల్ శుభ్రం’ అనే యాప్‌లు గూడ ఉంటయి. అవి పని జేయాలంటే మీ మెయిల్స్ అన్నీ చదివే అనుమతి అడుగుతయి. మీ ఇంటి తాళంచెవి దారిన పోయేటోనికి ఇచ్చి ఊడ్వమంటరా? పదిహేను నిమిషాల పని, మీరే జేసుకోండ్రి.

మా అసొంటి నెట్ సెంటర్లోళ్లకు గూడ ఒక మాట చెప్పాలె. తొందరల దరఖాస్తుల మా సెంటర్ మెయిల్ ఐడీనే కొట్టే అలవాటు కొందరికి ఉన్నది. గట్ల కొడితే ఆ పిల్లల ఉత్తరాలన్నీ ఒక్క దుకాణం డబ్బల పడుతయి, ఎవ్వలకూ అందయి. దరఖాస్తు పెట్టుకునేటోళ్లు కుర్చీల నుంచి లేచే ముందు రెండు అడగాలె: “అన్నా, మెయిల్ నాదే కొట్టినవా? నా ఖాతా లాగౌట్ చేసినవా?” అడుగుడు నామోషీ కాదు, మీ హక్కు.

నా అభిప్రాయం సూటిగ చెప్తున్న. ఒక మనిషి బతుకు మారే కబురును ఒక్క మెయిల్ మీదనే ఇడిసిపెట్టుడు పంపేటోళ్లకు గూడ న్యాయం కాదు. మెయిల్ తిరిగొస్తే ఒక ఎస్సెమ్మెస్ కొట్టాలె, ఒక ఫోన్ జేయాలె. అడిగిన కాయితమే పదిసార్లు అడిగి మనతోని మళ్లమళ్ల పంపిచ్చుకునుడు గూడ తగ్గాలె. పట్నంల ఉన్నోనికి నెలనెలా పైసలు కట్టి ఎక్కువ జాగ కొనుక్కునుడు సులువు. కూలి పైసలతోని రీచార్జ్ చేసుకునే పిల్లగానికి ఆ 15 జీబీలే ఆధారం. ఆ ముచ్చట కొలువులిచ్చేటోళ్లకు యాదికుండాలె.

గని వాళ్లు మారేదాక మనం ఆగితే నష్టం మనకే. దరఖాస్తు పెట్టిన దినమే జాగ ఎంత మిగిలిందో చూసుకోండ్రి. రెండు జీబీల కంటె తక్కువుంటే ఆ దినమే శుభ్రం జేయుండ్రి. ఫలితాల టైంకు, ఇంటర్వ్యూల టైంకు ఇంకో మెయిల్ నుంచి మీకు మీరే ఒక పరీక్ష మెయిల్ కొట్టి, అది అందుతున్నదో లేదో చూసుకోండ్రి. ఇంట్ల అక్కదో తమ్మునిదో ఫోన్ ఉంటే వాళ్లది గూడ చూడుండ్రి. స్టోరేజ్ నిండిందన్న హెచ్చరిక ఈసారి కనవడితే ఏలితోని పక్కకు నూకకుండ్రి.